ఇంటికో మేకు

కళ్లాల దారిలో చింతమాను ఉన్న చోటును చీకటి పడ్డాక మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ దాటరు. మీసాలున్నవాళ్ళు మరీను.

మూడేళ్ళ కిందట పత్తి తీస్తూ, వాన వచ్చిందని ఆ చెట్టు కిందికి పరిగెత్తింది శ్రీరమ్య — వెంకటేశ్వరమ్మ కూతురు, పదహారేళ్ళ పిల్ల. పిడుగు పడింది.

నెల తిరక్కముందే అక్కడ పట్టీల చప్పుడు వినపడుతోందని ఊరంతా పాకింది. భూతవైద్యుణ్ణి పిలిపించారు. ఇంటికో మేకు ఇమ్మన్నాడు. అన్నీ మానులోకి దిగ్గొట్టి, పిల్ల ఇక కదలదన్నాడు. వెంకటేశ్వరమ్మ చేత కూడా ఒకటి ఇప్పించారు. ఊరంటే అందరూ కదా.

మొన్న కార్తీకంలో వచ్చిన తుఫానుకు చెట్టు వేళ్ళతో సహా పడింది. మేకులున్న మాను మాకొద్దన్నారు కోతమిల్లు వాళ్ళు. మిరపకోతల దాకా అట్లాగే పడి ఉంది. చివరికి పిడుగురాళ్ల నుంచి ఎవరో సున్నపుబట్టీకి అడిగారు. కాల్చేదానికి మేకులుంటేనేం?

తెల్లారితే లారీ.

ఆ రాత్రి సంగతి బుల్లయ్య చెప్పాడు. బుల్లయ్యకు ధైర్యం ఎక్కువ — పగలు. మబ్బు పట్టిందని, కళ్లంలో మిరపకాయల మీద పట్టా కప్పడానికి బయల్దేరాడు.

మాను దగ్గరికి వచ్చేసరికి... కీచుమని చప్పుడు.

ఆగింది.

మళ్ళీ... కీచు...

టార్చి వెయ్యబోతే వేలు కదల్లేదట. మాను మీద నల్లగా ఎవరో వంగి కూర్చుని ఉన్నారు. గుసగుసగా మాట —

“నొప్పా తల్లీ... అయిపోయింది... ఇంకొంచెం...”

బుల్లయ్య పంచె సంగతి నేను చెప్పను. వాళ్ళావిడ చెప్పింది.

“ఎ... ఎవరది?”

“నేనేలే అన్నా.”

వెంకటేశ్వరమ్మ. చేతిలో పట్టకారు. అరచేతుల నిండా నెత్తురు. ఒళ్ళో మేకులు.

“ఏందమ్మా ఈ పని, ఇంత రాత్రప్పుడు?”

“ఒకసారి కాలింది చాల్లేదా అన్నా? ఈసారి పారిపోదామన్నా కదల్లేదుగా పిల్ల.”

బుల్లయ్య ఆమె చేతిలోంచి పట్టకారు తీసుకున్నాడు. తనూ ఓ పక్క కూర్చుని మేకులు పీకాడు. వాన పడింది. కళ్లంలో కాయలు తడిశాయి.

తెలతెలవారుతుంటే ఒక్కటి మిగిలింది. పట్టకారు వెయ్యబోతే చెయ్యి పట్టుకుంది.

“అది మా ఇంటిది. ఉండనీ అన్నా. ఆ ముక్క వరకు కోసిపెట్టు... ఇంటికి తీసుకుపోతా.”

రంపం తెచ్చి, లారీ వచ్చేలోపు కోసిచ్చాడు. ఇప్పుడది వాళ్ళ వసారాలో ఉంది. రోజూ దాని ముందు కంచం పెడుతోంది.

నిన్న అటుగా పోతుంటే నన్ను పిలిచింది.

“పిన్నీ, ఇట్లా కూర్చో. రోజూ రాత్రి మేలుకునే ఉంటున్నా. నాకేమీ వినపడట్లేదు... అప్పుడు పట్టీల చప్పుడు మొదట విన్నది నువ్వే కదా. కాస్త విని చెప్పవా?”

ఆనాడు నేనేమీ వినలేదు. పొద్దుపోక అన్నాను.

వంగి, చెవి ఆనించాను. చెక్క, చెక్కలాగే ఉంది.

“వినపడుతోందమ్మా” అన్నాను.