ఏడేళ్లు కదలని జలచక్రం

కేతకీపురం పొలాలన్నిటికీ ఒక్కటే జలచక్రం ఆధారం. తాటిచెట్టంత ఎత్తున ఉండే ఆ చక్రం నది ఉరవడికి తిరుగుతూ, నూరు తొట్టెలతో నీళ్లు తోడి కాలువలో పోసేది. యుద్ధానికి భయపడి జనం ఊరు విడిచిపోగా అది ఏడేళ్లు ఆగిపోయింది. అదే అదనుగా ఒక రాక్షసుడు దాని ఇరుసు మీద కాపురం పెట్టాడు. జనం తిరిగి వచ్చి నారు పోశారు. వారంలోగా నీరు రాకపోతే నారంతా మాడిపోతుంది. చక్రాన్ని తిప్పినవారే యంత్రశాలకు అధిపతి అని రాజు చాటింపు వేయించాడు.

వడ్రంగి కూతురు వకుళ వెంటనే బయలుదేరింది. ఆమెకు ఆ పదవి మీద ఎంత ఆశో, కమ్మరి కొడుకు విశాఖుడి మీద అంత అసూయ. అతను ఆమె తండ్రి దగ్గరే పని నేర్చాడు. "విశాఖుడి చేయి చూడు, ఎంత సూటిగా పోతుందో" అని తండ్రి రోజూ మురిసిపోయేవాడు. వకుళ చేయి ఎప్పుడు వంకర పోయిందట?

అడవిలో ఆముదపు తోపుకు ఒక ఎలుగుబంటి కావలి. చక్రం ఇరుసుకు పోయడానికి వకుళ కడవెడు ఆముదం అడిగింది.

"నా వీపు మధ్య దురద. గోకితే ఇస్తాను" అంది ఎలుగుబంటి.

వకుళ చిత్రిక పట్టినట్టు గోకింది.

"హాయిగా ఉందమ్మా. పొద్దున ఒక అబ్బాయి వెళ్లాడు. అబ్బో, ఎంత మర్యాదస్తుడో."

వకుళ ముఖం చిటపటలాడింది. "అతనూ ఆముదం తీసుకున్నాడా?"

"అక్కర్లేదన్నాడు. ఎడ్లున్నాయట."

నది ఒడ్డున మొసలి వేసిన పొడుపుకథ విప్పి, వకుళ ఆముదం కడవతో దాని వీపెక్కింది. "పొద్దుటి అబ్బాయి ఇంకా తొందరగా విప్పాడు" అంది మొసలి.

అవతలి గట్టున విశాఖుడు అప్పటికే నలభై జతల ఎడ్లను చక్రానికి కట్టాడు. రాక్షసుడు ఇరుసు మీది నుంచి వంగి వకుళ చెవిలో గుసగుసలాడాడు.

"నోరు మూసుకో పిల్లా. ఒక్క లాగుకు ఇరుసు విరుగుతుంది. వాడి పరువు పోతుంది. నీకు కావలసింది అదేగా?"

అదే. ఇన్నేళ్లుగా అదే. వకుళ పెదవులు బిగించింది. ఎడ్లు అడుగు వేశాయి. ఇరుసు కిర్రుమంది. అలాంటి ఇరుసు చెక్కడానికి సరిపడే మాను ఇప్పుడు ఏ అడవిలోనూ లేదు. అది విరిగితే ఊళ్లో ఒక్క నారుమడీ బతకదు.

"విశాఖా, ఎడ్లను ఆపు."

"నేను గెలుస్తానని కుళ్లా?"

"కుళ్లే. అయినా ఆపు. ఏడేళ్లు పడుకున్నదాన్ని లాగి లేపకూడదు. పైసగం ఎండి బిగుసుకుంది, కిందిసగం నాని ఉబ్బింది."

విశాఖుడు ఇరుసుకు చెవి ఆనించి విన్నాడు. వెంటనే ఎడ్లను విప్పాడు. రెండు రోజులు ఇద్దరూ పైసగాన్ని తడిగడ్డితో కప్పి, కింద పేరుకున్న ఒండ్రు తవ్వి, ఇరుసులోకి వేడి ఆముదం పోశారు. మూడోనాడు మీటలు వేసి జానెడు వెనక్కి, జానెడు ముందుకి కదిపారు.

"వెనక్కి తిప్పుతున్నారు, దద్దమ్మలు" అని రాక్షసుడు పకపకా నవ్వాడు. ఇంతలో నది చక్రాన్ని అందుకుంది. మూడు చుట్లకే రాక్షసుడు "తల తిరుగుతోంది, దించండమ్మా" అని వేడుకుంటూ నీళ్లలో పడి, ఈదుకుంటూ పారిపోయాడు. కాలువ నిండింది.

రాజు వచ్చి, తిప్పిందెవరని అడిగాడు. వకుళ నోరు తెరిచేలోగా, "వకుళే మహారాజా. నేనైతే విరగ్గొట్టేవాణ్ణి" అన్నాడు విశాఖుడు. ఆ మంచిమాట కూడా ముందు అతనే అనేశాడని వకుళకు మళ్లీ కుళ్లు పుట్టింది.

అధిపతి కాగానే ఆమె అతన్ని పిలిపించింది. "నువ్వు జీవితాంతం నా పక్కనే ఉండాలి."

"ఉద్యోగమా, పెళ్లా?"

"రెండూను. ఈసారి ముందు అడిగింది నేను."