బ్యారన్ దగ్గర పులిహోర

"సీసా జేబులో పట్టేంతే ఉంటుంది. అది దేశం దాటితే మన ఎనిమిదేళ్ళ రీసెర్చ్ వాళ్ళ పేటెంట్ అయిపోతుంది," అన్నారు చీఫ్ చంద్రరావు.

1999 ఫిబ్రవరి. జంగారెడ్డిగూడెం దగ్గరి రహస్య ల్యాబ్‌లో పొగాకు పచ్చాకు నుంచి తీసిన జీ-7 అనే మందు మాయమైంది. గుండెపోటు వచ్చినప్పుడు ఆక్సిజన్ అందక, ఆ ఒత్తిడికి చచ్చిపోయే కణాలను అది పరీక్షల్లో బతికించింది. ఉన్నది ఒక్క సీసానే. దొంగిలించిన విదేశీ ముఠా మనిషి పక్కనే ఉన్న, పచ్చాకును వేడికి ఆరబెట్టే పొగాకు బ్యారన్ కూలీల్లో కలిసిపోయాడు.

"సోదా చేయించమంటారా సార్?" అడిగాడు ఏజెంట్ లోకనాథ్.

"వాసన పసిగడితే పగలగొట్టేస్తాడు. కూలీల వ్యాను శనివారం రెండింటికి రాజమండ్రి వెళ్తుంది. ఈలోపు పట్టుకోవాలి. మన రాణి ముఠాలో ఉంటూనే మనకి పనిచేస్తోంది. ఆ బ్యారన్‌లో వంటమనిషి. వాడి ముఖం ఆమెకీ తెలీదు."

రాణి అంటే లోకనాథ్‌కి ట్రైనింగ్ రోజుల నుంచీ ప్రాణం. పొగాకు బయ్యరు వేషంలో దిగాడు. మూడు రోజుల్లో ఆమె అతన్ని ఒక్కసారి కూడా తిన్నగా చూడలేదు. గణేష్‌బాబు అనే కూలీని మాత్రం చూసింది, నవ్వింది, కొసరి కొసరి వడ్డించింది. వాడికి ఉంగరాల జుట్టు, పచ్చాకు బంకతో నల్లబడ్డ చేతులు. లోకనాథ్‌కి ఒళ్ళు మండిపోయింది. దేశభద్రతను ఒక కంటికి అప్పగించి, రెండో కన్ను వాడి మీదే పెట్టాడు.

శనివారం ఒంటిగంటన్నర. రాణి అరిటాకుల్లో పులిహోర పెట్టింది.

"ఇంకాస్త వేయమంటారా అండి?"

"మీరు పెడితే వద్దంటానేంటండి," అన్నాడు గణేష్‌బాబు. చేత్తో కలుపుకుని తిని, వేళ్ళు నాకాడు.

లోకనాథ్ పళ్ళు కొరికాడు. అంతలోనే ఉలిక్కిపడ్డాడు. పచ్చాకు కోసిన చేతికి సబ్బు పెట్టి కడిగినా చేదు పోదు. అందుకే కోత రోజుల్లో కూలీలంతా చెంచాతోనే తింటారు. చుట్టూ చూశాడు. అందరి చేతుల్లోనూ చెంచాలే. వీడి చేతికి చేదు లేదు. అది బంక కాదు, రంగు.

వ్యాను స్టార్టయింది. గణేష్‌బాబు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు. లోకనాథ్ దూకి వాడి చేతులు రెండూ వెనక్కి విరిచాడు. నడుముకి చుట్టిన తువాలు ఊడి సీసా జారింది. నేలను తాకకముందే రాణి పట్టుకుంది.

"మీకు ముందే తెలుసా?"

"అనుమానమండి. తేల్చుకుందామని ఇవాళ వాడికి చెంచా ఇవ్వలేదు. నిజమైన కూలీ అయితే అడిగేవాడు."

"మరి ఆ నవ్వులు?"

"డ్యూటీ అండి."

లోకనాథ్‌కి ప్రాణం లేచొచ్చింది. "నా వైపు చూడకపోవడం కూడా డ్యూటీయేనా?"

"అది మాత్రం కాదండి," అంది రాణి, తల వంచుకుని నవ్వుతూ.

ఆ సాయంత్రం అతను రిపోర్టు రాశాడు. నిందితుడి ఆనవాళ్ళ కింద మొదటి వాక్యం: 'చూడ్డానికి ఏమంత బాగుండడు.'