పనిలేని రోజు మాత్ర

పొద్దున్నే ఆ ఇల్లు చెక్కకి చిత్రిక పట్టే చప్పుడుతో నిద్ర లేవాలి. వడ్రంగి మేస్త్రి ఇల్లు మరి! అలాంటిది ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ మేస్త్రి గోడకి ఆనుకుని కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. వైరస్ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి, ప్రాణం మీదకి తెచ్చి, ఎలాగో వదిలింది. వదులుతూ వదులుతూ కాల్లో రక్తపు గడ్డ ఒకటి పెట్టిపోయింది. అందుకని డాక్టరు రక్తం పలచబడే మాత్రలు రాశాడు.

కూతురు అదే ఆసుపత్రిలో నర్సు. "ఈ మాత్రలు వాడినన్నాళ్ళు చిన్న గాటు పడినా రక్తం ఓ పట్టాన ఆగదు నాన్నా. ఉలి ముట్టుకున్నావంటే ఊరుకోను" అని పనిముట్ల పెట్టెకి తాళం వేసి, తాళంచెవి తల్లి చేతిలో పెట్టి మరీ అత్తారింటికి వెళ్ళింది.

పని లేకపోతే మేస్త్రికి ముద్ద దిగదు. ఓ ఉదయం భార్య మాత్ర తెచ్చి ఇస్తే, తీసుకోకుండా ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఏమే, నీ మోకాళ్ళ నొప్పులకని ఎత్తు పీట మొదలుపెట్టాను. కాళ్ళు బిగిస్తే అయిపోతుంది. ఒక్కసారి తాళం తియ్యవే."

"అమ్మో! మీ సిస్టరమ్మ నన్ను బతకనిస్తుందా?"

"మాత్ర వేసుకుంటేనే కదా రక్తం ఆగనిది? పని ఉన్న రోజు మానేస్తాను, పని లేని రోజు వేసుకుంటాను. ఇందులో తప్పేముంది చెప్పు!"

ఆవిడకీ నిజమే అనిపించింది. వాన లేని రోజు గొడుగెందుకు? పైగా ఆ మనిషి మొహంలో కళ చూసి ఎన్నాళ్ళయిందో. తాళం తీసింది.

ఇల్లు మళ్ళీ మోగింది. మిగిలిన మాత్రల్ని ఆవిడ పారెయ్యలేదు, పనిలేని రోజు పనికొస్తాయని మేకుల డబ్బాలో దాచింది, పిచ్చితల్లి! పీట అయింది, పక్కింటి తలుపు వచ్చింది, ఎవరిదో కిటికీ వచ్చింది. పనిలేని రోజు మాత్రం రానే లేదు.

ఒకరోజు కోస్తూ కోస్తూ రంపం ఆగిపోయింది. ఆవిడ వచ్చి చూసేసరికి చెక్కపొట్టులో కూలబడి, గాలి కోసం నోరు తెరుస్తున్నాడు.

వార్డు బయట కూతురు తల్లి భుజాలు పట్టుకుని కుదిపేసింది.

"కాల్లో గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందమ్మా! నిజం చెప్పు, మాత్రలు వేశావా లేదా?"

"పని ఉన్న రోజు... వెయ్యలేదు."

"పని ఉన్న రోజా? అదేమైనా కూలిపనా, ఉంటే ఒకలా లేకపోతే ఒకలా చెయ్యడానికి! నీ చేతులతో నువ్వే..." అని మిగతా మాట మింగేసింది. మింగితే మాత్రం, తల్లికి అందకుండా పోతుందా?

"అవునే, నేనే. బొమ్మలా కూర్చున్న మనిషిని రోజంతా చూసిందాన్ని నేను. కోసుకుంటే ప్రమాదం అన్నావు. మానేస్తే ఇలా అవుతుందని ఎవరూ చెప్పలేదు తల్లీ."

కూతురు రోజూ ఎంతమంది రోగులకో చెప్పే మాట అది! ఉలి గురించి, గాటు గురించి, తాళం గురించి చెప్పింది. మాత్ర ఎందుకో చెప్పలేదు. తల్లి మెడ మీద తల ఆన్చి భోరుమంది.

"నేను చెప్పలేదమ్మా... నేనే చెప్పలేదు."

"ఇప్పుడు వేస్తే తగ్గదంటావా?"

"సెలైన్‌లో రక్తం పలచబడే మందే ఎక్కిస్తున్నారు. కానీ గుండె అలిసిపోయింది. ఇక ఆశ లేదన్నారు. పద, మాట్లాడుదువుగాని."

మేస్త్రి మొహానికి మాస్కు ఉంది. చేతికి సూది గుచ్చినచోట రక్తం ఆగకుండా చెమర్చి, దూది ఎర్రబడింది. భార్యని చూసి కళ్ళతో నవ్వాడు. పాత అలవాటు ప్రకారం అరచెయ్యి చాపాడు.

"ఇవాళ పనేం లేదు కదే," అన్నాడు రొప్పుతూ, "మాత్ర ఇయ్యి."

ఆవిడ ఆ అరచేతిలో తన చెయ్యి పెట్టింది. ఆ రెండు చేతుల మీదా కూతురు తన చెయ్యి వేసింది.