నాలుగు పిడుల కాలచక్రం

నిలకడపురానికి పేరులో తప్ప మరెక్కడా నిలకడ లేకుండా పోయింది. ఎసట్లో బియ్యం పోసి మూత పెట్టేసరికి పొద్దు గుంకేది. అన్నం ఉడికేలోగా మళ్లీ తెల్లవారేది. కోతల నెల వచ్చిపడింది గాని, నాటిన మొలక జానెడు దాటలేదు. పగటిని ఎవరో దొంగిలిస్తున్నారని ఊరంతా అనుమానం. అత్త కోడల్ని అనుమానించింది, కోడలు పిల్లిని అనుమానించింది. తలుపులకు గడియలు వేసుకున్నారు. అయినా గడియలు జారిపోతూనే ఉన్నాయి.

చివరికి అందరి వేళ్లూ జేగంట కొట్టే కంచరయ్య వైపు తిరిగాయి. ఆ రాజ్యంలో పొద్దు నడిచేది జేగంటను బట్టే మరి. పూర్వం ఒక ముని ఇచ్చిన భూతం అడవి అవతలి కొండకు తూర్పు గుహలో ఉండి రాజుగారి పనులన్నీ చేసేది. గంట మోగగానే చేతిలో పని దించాలి, సూర్యుణ్ని నడిపే కాలచక్రాన్ని ఒక్క పన్ను తిప్పాలి, తరువాతి పని అందుకోవాలి. అది రాజాజ్ఞ. పనులు పెరిగేసరికి తొందరసేన మహారాజు మరో మూడు భూతాలను తెప్పించి, అదే కొండకు మిగిలిన మూడు వైపులా గుహల్లో కాపురం పెట్టించాడు.

"గంట నువ్వే ఎక్కువసార్లు కొడుతున్నావు! పున్నమినాడు వీణ్ణి కొరత వేయండి!" అని రాజు హుంకరించాడు. అయితే గంట ఆగితే భూతాలు పట్టిన పని వదలవు. దంచే భూతం బియ్యాన్ని పిండి చేసి, పిండిని దుమ్ము చేస్తుంది. కనుక అంతదాకా కంచరయ్య సంకెళ్లతోనే గంట కొట్టాలన్నాడు. పైన చంద్రుడేమో నెయ్యి తాగినట్టు బలుస్తున్నాడు.

కంచరయ్య కూతురు పైడి ఒక పూటంతా తండ్రి పక్కనే కూర్చుని చూసింది. గడియ కొలిచే చిల్లుగిన్నె నీళ్లలో మునిగినప్పుడే ఆయన గంట కొడుతున్నాడు.

"నాన్నా, నీ చేతిలో తప్పు లేదు. ఆ చక్రంలోనే ఏదో అక్రమం ఉంది. వెళ్లి చూసొస్తాను."

"వద్దే తల్లీ! అక్కడున్నవి భూతాలు, పీక్కుతింటాయి."

"ఇక్కడ మనుషులు చేస్తున్నదీ అదేగా!" అని పైడి బయలుదేరింది.

అడవిలో ఆమెకు చెట్టు మీదా అనుమానమే, పుట్ట మీదా అనుమానమే. దారి చూపిస్తానన్న నక్కను నమ్మక, అది తోక ఊపిన దిక్కుకు ఎదురుగా నడిచి కొండ చేరింది.

తూర్పు గుహలో ముసలి భూతం రోకలి ఎత్తింది. "ఎవర్తివే? పొద్దు దొంగవా?"

"దొంగను పట్టేదాన్ని తాతా! చక్రం తెగ తిప్పేస్తున్నది నువ్వేనా?"

"నేనా? గంటకు ఒక్క పన్ను, ఒట్టు! ఆ మూడు దొంగమొహాలనూ అడుగు!"

పైడి చక్రం పన్ను మీద బొగ్గుతో గీత పెట్టింది. దూరాన గంట మోగింది. భూతం రోకలి దించి, పిడి పట్టుకుని ఒక్క పన్ను తిప్పి, నీళ్లకుండ అందుకుంది. కాని గీత నాలుగు పళ్లు దాటిపోయింది!

పైడి దక్షిణపు గుహకు పరుగెత్తింది. అక్కడి భూతం ఆమెను తినబోయి, దొంగ సంగతి వినగానే నోరు మూసుకుంది. "ఉత్తరపు వాడే అయ్యుంటాడు. వాడి కళ్లు చూశావా?"

"నువ్వు చూశావా?"

"ఎప్పుడూ లేదు. అందుకే అనుమానం!"

ఆ భూతమూ గంటకు ఒక్క పన్నే తిప్పింది. పడమటిదీ అంతే, ఉత్తరపుదీ అంతే. ఒకరికొకరు కనబడరు. ఎవరి పిడి వారిదే, చక్రం మాత్రం అందరిదీ. పైడి తల పట్టుకుంది. దొంగ కోసం వస్తే నలుగురు నిజాయితీపరులు దొరికారు! ఒకరు చేయాల్సిన పనిని నలుగురూ ఒట్టేసి మరీ చేస్తున్నారు.

"ఇక నువ్వు తిప్పకు" అని ఉత్తరపు భూతంతో అంది.

"పిడి ఉంటే తిప్పాల్సిందే. రాజాజ్ఞ!" అంటూ అది పిడివాదానికి దిగింది.

"పిడి లేకపోతే?"

"లేనిదాన్ని ఎలా తిప్పుతానే పిచ్చిదానా?"

"మరి వాళ్ల మీద అంత అనుమానం ఉన్నవాడివి, పిడిని తలుపైనా లేని గుహలో వదిలేస్తావేం?"

భూతం అటూ ఇటూ చూసి, పిడి పీకి పైడి చేతిలో పెట్టింది. "నీ దగ్గరే దాచు. వాళ్లకు చెప్పకు." పడమటి భూతమూ, దక్షిణపు భూతమూ అదే మాట గుసగుసలాడి పిడులు అప్పగించాయి. తూర్పు పిడి ఒక్కటే మిగిలింది. గంట మోగింది. గీత ఒక్క పన్నే జరిగింది!

పైడి గంతులు వేస్తుండగానే ముసలి భూతం తరువాతి పని అందుకోకుండా, పిడి పట్టుకునే గుర్రుపెట్టింది. మళ్లీ గంట మోగినా చక్రం కదలలేదు. సూర్యుడు నడినెత్తిన ఆగిపోయాడు. తెల్లవారితే పున్నమి!

పైడి భూతాన్ని లేపబోయి ఆగింది. ఇలాగే వదిలేస్తే పున్నమే రాదు. నాన్నను కొరత వేయలేరు. కాని కింద పొలాల్లో మొలకలు మాడిపోతున్నాయి. గంట మోత నీరసిస్తోంది. పున్నమి రాకపోతే నాన్నకు చావు లేదు, విడుదలా లేదు.

ఆమె భూతం మీసం పట్టి గుంజింది. "తాతా, నిద్రపోవడం తప్పు కాదు, పిడితో నిద్రపోవడం తప్పు! మెలకువగా ఉన్నవాడి చేతిలో పెట్టి పడుకో."

"ఆ దొంగలకా?"

"ఒక్క పన్ను ఎక్కువ తిప్పినా నా బొగ్గు గీత పట్టిస్తుంది."

ముసలి భూతం ఆవలిస్తూ దక్షిణపు గుహకు వెళ్లి పిడి ఇచ్చింది. దక్షిణపు భూతం కళ్లు చెమర్చాయి. "అన్నా, నన్ను నమ్మావా?"

"లేదురా. నిద్రొస్తోంది."

సూర్యుడు కదిలాడు. పైడి ఒక్క పరుగున సభకు చేరి జరిగినదంతా చెప్పింది. రాజు కనుబొమ్మ ముడిచాడు. "భూతాలతో కలిసి నాటకం ఆడటం లేదని నమ్మకమేమిటి?"

"నన్ను నమ్మకండి ప్రభూ. పొయ్యి వెలిగించి చూడండి."

సభలోనే ఎసరు పెట్టారు. కంచరయ్య గంట కొట్టిన ప్రతిసారీ సభ ముంగిట ధ్వజస్తంభం నీడ నేల మీద గీసిన గీతల్లో ఒక్కటే దాటింది. అన్నం ఉడికింది, వార్చారు, వడ్డించారు. ఇంకా ఎండ ఉంది! పగటిపూట వేడన్నం ఎరగక చాలాకాలమైన రాజు మారువడ్డన అడిగి మరీ తిన్నాడు.

"పక్షపాతం ఉండకూడదనే అందరికీ ఒకే ఆజ్ఞ ఇచ్చానే!" అని గొణిగాడు.

"ఒక్క పప్పులో నలుగురు కోడళ్లూ ఉప్పు వేస్తే అదీ సమానమే ప్రభూ. తినేది మాత్రం మీరు."

రాజు ఎంగిలి చెయ్యి కడుక్కుని, తానే సంకెళ్లు విప్పి, కంచరయ్యను కౌగిలించుకున్నాడు. పైడిని కొండకూ భూతాలకూ అధికారిణిని చేశాడు. ఇక ఒక ఆజ్ఞ నలుగురికి వెళ్లాలంటే ముందు ఆమె కంటపడాలి.

మర్నాటి పున్నమి ఎంతో తీరిగ్గా వచ్చింది. కంచరయ్య ఇంటి అరుగు మీద కాళ్లు చాపుకుని, కూతురు కలిపిన ముద్దలు ఒక్కొక్కటే నమిలి నమిలి తిన్నాడు. ఈ కథ ఎక్కడికి వెళ్లాలో దానికే తెలుసు. మీరు మాత్రం అన్నం చల్లారకముందే వంటింట్లోకి వెళ్లండి.