గోల్ కొట్టిన వారమే రొయ్యలు

నా జీతం కోసేసిన అమ్మాయిని మొదటిసారి చూసింది గుడివాడ గ్రౌండ్ గేటు దగ్గర. వాన పడుతోంది. ఆమె ఫైలుకి గొడుగు పట్టి, తను మాత్రం తడుస్తోంది.

"మీరేనా నీలోఫర్ గారు?" అన్నాను.

"అవునండీ. మీరు ఫైసల్. గుడివాడ జట్టు ఫార్వర్డ్. పోయినేడు మ్యాచ్‌కి ఎనిమిది వేలు, ఈ ఏడు మూడు వేలు."

"నా జీతం బాగా గుర్తుందే మీకు!"

"జీతం కంటే ముందు పేరే చెప్పానుగా!" అని నవ్వింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా డెల్టా ఫుట్‌బాల్ లీగ్‌లో ఉన్నవి నాలుగే జట్లు. బందరు, గుడివాడ, చల్లపల్లి, నాగాయలంక. ఈ ఏడు కొత్త రూల్స్ పెట్టారు. టికెట్ల డబ్బు, యూట్యూబ్ లైవ్ డబ్బు అంతా ఒకచోట వేసి నాలుగు జట్లకీ సమానంగా పంచాలి. ఏ ఆటగాడికీ మ్యాచ్‌కి మూడు వేలు మించి ఇవ్వకూడదు. దాన్ని శాలరీ క్యాప్ అంటారట. ఆ రూల్స్ రాసింది సీఏ చదువుతున్న ఈ బందరు పిల్ల. అందరూ పాటిస్తున్నారో లేదో చూసేదీ ఈ పిల్లే. నాదీ బందరే. సొంతూరి పిల్ల చేతిలో ఇంత దెబ్బా!

"గోల్స్ కొట్టేది నేను, డబ్బు పంచుకునేది నాగాయలంక వాళ్ళా? ఇదెక్కడి న్యాయమండీ?"

"పోయినేడు వాళ్ళ మీద మీ జట్టు ఎన్ని గోల్స్ కొట్టింది?"

"తొమ్మిది!" అన్నాను కాలరెగరేస్తూ.

"సెకండ్ హాఫ్ చూడ్డానికి ఎంతమంది మిగిలారు?"

మా అమ్మీ, ఒక ఐస్‌క్రీం బండి ఆయనా మిగిలారు.

"ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతే టికెట్ ఎవరు కొంటారండీ? అవతలి జట్టు కూడా బతకాలి. అప్పుడే మీకూ ఆట ఉంటుంది."

ఏదో ఒకటి అనాలనుకున్నాను. ఈలోగా ఆమె నుదుటి మీద తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది. అంతే, అనాల్సింది మర్చిపోయాను.

ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కీ వచ్చింది. నేనేమో గోల్ కొట్టగానే గోల్‌పోస్ట్ వదిలేసి గ్యాలరీ వైపు చూసేవాణ్ణి.

"అలా చూడకండి, బాల్ పోతుంది" అని ఒకసారి కసిరింది.

"మీరు నన్ను చూస్తున్నారన్నమాట!"

"డ్యూటీ అండీ!"

ఆమె చెప్పినట్టే జరిగింది. నాగాయలంక జట్టు ఏకంగా ఫైనల్‌కి వచ్చేసింది, అదీ మా మీదకే! వాళ్ళ కెప్టెన్ హనోకు నాకు కొత్త బూట్లు చూపించి మురిసిపోయాడు. "మా వాటా డబ్బుతో అందరికీ కొన్నాం బావా. పోయినేడు సగం మంది వట్టి కాళ్ళతో ఆడాం, గుర్తుందా?" గుర్తుంది. అప్పుడు నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఫైనల్ ఇంకో వారం ఉందనగా నీలోఫర్ మా ఇంటికొచ్చింది. ఆటగాళ్ళందరితో ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుంటోంది. 'మూడు వేలు తప్ప జట్టు నుంచి ఇంకేమీ తీసుకోలేదు.' నేను చకచకా సంతకం పెట్టేశాను. బయట వాన దంచుతోంది. మా అమ్మీ, ఆమినా బీ, వచ్చినవాళ్ళని అన్నం తినకుండా పంపే మనిషి కాదు.

"కూర్చో బేటీ, రొయ్యల కూర చేశాను."

నీలోఫర్ రెండు ముద్దలు తిని కళ్ళు మూసుకుంది. "ఎంత బావుందో ఆంటీ! ఇంత పెద్ద రొయ్యలు ఎక్కడివి?"

"మా వాడి జట్టు ఓనరు ధనుంజయరావు గారు పంపిస్తారమ్మా. కృత్తివెన్నులో చెరువులున్నాయిగా. మ్యాచ్ అయిన మర్నాడే పది కేజీల డబ్బా దిగుతుంది. వండుకున్నంత వండుకుని, మిగతాది హోటల్‌కి వేస్తాను."

"ప్రతి మ్యాచ్‌కీనా?"

"రెండుసార్లు రాలేదు. ఏరా, ఆ రెండు మ్యాచ్‌ల్లోనేగా నువ్వు గోల్ కొట్టంది?"

నీలోఫర్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అల్లా సాక్షిగా, అప్పటిదాకా నాకు తట్టనే లేదు! మా వైపు చెరువులో రొయ్యలు పట్టి, పట్టుబడి పూర్తయితే తెలిసినవాళ్ళకి పంచుతారు. అది ప్రేమ. ప్రేమని ఎవరైనా జీతంలో కలుపుతారా?

ఆమె చెయ్యి కడుక్కుని వరండాలోకి వచ్చింది.

"నిజంగా తెలీదండీ" అన్నాను.

"నమ్ముతున్నాను. కానీ ఇప్పుడు నాకు తెలిసిపోయింది. గురువారం చల్లపల్లిలో లీగ్ మీటింగ్. చెప్తే మీకు ఫైనల్ పోతుంది. చెప్పకపోతే హనోకు మొహం ఎలా చూడను?" కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంకో సంగతి. నేను చెప్పాలంటే మీ అమ్మగారి మాటే సాక్ష్యం. ఆవిడ చేతి అన్నం తిని, ఆవిడ కొడుకునే..."

మాట పూర్తి చేయకుండానే వానలో స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. కంచంలో కూర సగం అలాగే ఉంది. గురువారం దాకా ఆ మూడు రోజులూ నాకు నిద్ర పడితే ఒట్టు. ఫైనల్ కోసం ఎంత ఆశపడ్డానో! కానీ కళ్ళు మూసుకుంటే చాలు, ఆ కంచమే కనపడేది.

గురువారం మీటింగ్‌కి నేనూ వెళ్ళాను. నాలుగు జట్ల వాళ్ళ ముందు నీలోఫర్ లేచి నిలబడింది. "గుడివాడ జట్టులో రొయ్యలు..." అని ఆగిపోయింది.

ధనుంజయరావు గారు పకపకా నవ్వారు. "రొయ్యలు కూడా జీతమేనా అమ్మాయ్? పట్టుబడి అయితే నలుగురికీ పంచడం మన పద్ధతేగా!"

అందరూ నవ్వుతూ తలూపారు. ఆమె మొహం ఎర్రబడింది. సాక్షిగా మా అమ్మీ పేరు చెప్తే గెలుస్తుంది. చెప్పలేదు. పెదవి కొరుక్కుంటూ నిలబడింది.

నేను లేచాను. "నలుగురికీ కాదండీ, నాకొక్కడికే వచ్చాయి. అదీ గోల్ కొట్టిన వారమే వచ్చాయి. తప్పు సంతకం పెట్టాను. నన్ను ఫైనల్ నుంచి తీసేయండి."

చివరికి నన్ను ఫైనల్ ఆడనివ్వకూడదని తేల్చారు. ధనుంజయరావు గారికి వేసిన శిక్ష మాత్రం అదిరింది. వచ్చే సీజనంతా నాలుగు జట్లకీ తలా ఒక డబ్బా రొయ్యలు, గోల్ కొట్టినా కొట్టకపోయినా!

ఫైనల్ రోజు బందరు గ్రౌండ్ కిటకిటలాడింది. జోరున వాన. ఒక్కడు కదిలితే ఒట్టు! స్కోరు రెండు, రెండు. ఇంకా మూడు నిమిషాల ఆట ఉంది. నేను గ్యాలరీలో, ఒక పక్క అమ్మీ, ఇంకో పక్క నీలోఫర్. ఈసారి గొడుగు నా మీదకి కూడా వచ్చింది.

"ఎవరు గెలుస్తారండీ?" అని అడిగింది.

"ఏమో, అస్సలు తెలీట్లేదు!"

"హమ్మయ్య!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తర్వాత నా వైపు చూడకుండా అంది. "వచ్చే సీజన్ నుంచి మీ గుడివాడ కాగితాలు నేను చూడను. నాతో పనిచేసే లాస్యకి ఇచ్చేశాను."

ప్రాణం ఉసూరుమంది. "నా మీద కోపం ఇంకా పోలేదా?"

"కోపం కాదండీ. రూలు. మనకి కావాల్సినవాళ్ళ కాగితాలు మనం చూడకూడదు."

"ఓహో" అన్నాను. ఒక్క క్షణం పట్టింది నా మట్టిబుర్రకి. కావాల్సినవాళ్ళా? నేనా?

ఎగిరి గంతేశాను. రెండు చేతులూ పైకెత్తి అరిచాను, గొంతు పోయేలా!

సరిగ్గా అప్పుడే హనోకు కొట్టిన బంతి మా గుడివాడ గోల్‌లో పడింది.

కింద వరసలోంచి ధనుంజయరావు గారు వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశారు. "ఓరి ద్రోహీ! మనం ఓడిపోతుంటే గంతులేంట్రా?"

"ఓడిపోలేదండీ!" అన్నాను. నీలోఫర్ దుపట్టాలో మొహం దాచుకుని నవ్వుతోంది.

అమ్మీ నన్ను మోచేత్తో పొడిచి, వంగి ఆమెతో అంది. "బేటీ, ఆ రోజు కూర సగంలో వదిలేసి వెళ్ళావ్. ఈ ఆదివారం మీ అబ్బాని తీసుకునిరా. రొయ్యలు నేనే డబ్బిచ్చి కొంటాను."