తీసేసిన చప్పుడు

బుధవారం మధ్యాహ్నం మ్యూజిక్ పీరియడ్‌లో పన్నెండు పాటలూ వరసగా మోగుతున్నాయి. కంప్యూటర్ ముందు ఇంజనీరమ్మ కూర్చుంది. అది అసలు పేరు కాదు. ఫ్యాన్ ఆగినా, ప్రొజెక్టర్ మొరాయించినా తనే ముందు లేస్తుంది కాబట్టి తరగతిలో అందరూ అలా పిలుస్తారు. పైకి విసుక్కుంటుంది గానీ, ఆ పిలుపంటే తనకి భలే ఇష్టం.

"ఏ కాలానిదైనా, ఏ దేశానిదైనా సరే, మీ ఇంట్లో ఇష్టంగా వినే పాట ఒకటి తీసుకురండి" అన్నారు మ్యూజిక్ టీచర్. శుక్రవారం పెద్దవాళ్లు కూడా వచ్చి వింటారు. ఒకడు నాలుగు వందల ఏళ్లనాటి బాకాల సంగీతం తెచ్చాడు. అది వాళ్ల తాత బ్యాండులో వాయించినది. ఒకమ్మాయి మంచుదేశపు జోలపాట తెచ్చింది. ఇంకొకరు ఎడారిలో ఒంటెలు తోలేవాళ్ల పాట తెచ్చారు.

అన్నిటినీ ఒకచోట చేర్చి, గరగరలు తీసేసి, అద్దంలా తుడిచిపెట్టింది ఇంజనీరమ్మ. పాత కేసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే షాపు వాళ్ల నాన్నది. ఆ పని తనకి కొట్టిన పిండి.

ఏడో పాట గిరజాలుది. జుట్టు చూసి పెట్టిన పేరు అది. మాట తక్కువ పిల్ల. తను తెచ్చినది ఒక పాత కేసెట్. అందులో ఒకావిడ దూరదేశపు భాషలో పాడుతోంది. "ఎంత క్లియర్‌గా ఉందో" అంటూ అందరూ చప్పట్లు కొట్టారు. గిరజాలు మాత్రం కొట్టలేదు.

"మా నాయనమ్మ ఏది?" అంది.

"పాడుతోందిగా" అంది ఇంజనీరమ్మ.

"పాడేది వాళ్లక్క. మా నాయనమ్మకి పాట రాదు. పక్కన మగ్గం మీద నేస్తూ ఉంటుంది. టక్, టక్ అని వినిపించాలి."

ఇంజనీరమ్మకు గుర్తొచ్చింది. ఆ టక్ టక్ పాట పొడుగునా ఉంది. ఎవరో ఊరికే తలుపు కొడుతున్నట్టుందని విసుక్కుని, తనే తీసేసింది.

"అది నాయిస్ అనుకున్నా" అంది చిన్నగా.

"మా నాయనమ్మ పోయినేడాది చనిపోయింది. చూడ్డానికి ఫోటోలున్నాయి. వినడానికి అదొక్కటే ఉంది" అంది గిరజాలు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది ఇంజనీరమ్మకు.

"కంగారు పడకు. అసలుది కంప్యూటర్లో ఉంటుంది. రేపు పెడతాగా" అనేసింది.

అసలుది లేదు. శుభ్రం చేసినదాన్ని దాని మీదే సేవ్ చేసేసింది. మిగతావాళ్ల పాటలు వాళ్ల పెన్‌డ్రైవ్‌లలో భద్రంగా ఉన్నాయి. గిరజాలుకు మిగిలింది ఆ కేసెట్ ఒక్కటే. సోమవారం దాన్ని ఎక్కించేటప్పుడే నాన్న చెప్పాడు, టేపు పెళుసైపోయింది, ఇంకోసారి తిప్పితే తెగుతుందని.

ఆ సాయంత్రం తను షాపుకి వెళ్లేసరికి కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు. నాన్న ఆయన కేసెట్ చేతిలో పట్టుకుని, ఇంకా పని మొదలుపెట్టకుండా అడుగుతున్నాడు.

"ఇందులో మీకు ఏది వినపడాలండీ?"

"మా ఆవిడ మధ్యలో నవ్వుతుంది. ఆ నవ్వు. పాట ఎలా ఉన్నా పర్లేదు."

నాన్న ఆ ప్రశ్న ప్రతి ఒక్కరినీ అడుగుతాడు. ఏదో మర్యాదకి అనుకునేది ఇంజనీరమ్మ. ఇప్పుడు తల దించుకుంది. పెద్దాయన వెళ్లేదాకా ఆగి, జరిగిందంతా చెప్పేసింది. అబద్ధం సంగతి కూడా దాచలేదు. దాచుకుంటే ముద్ద దిగేలా లేదు మరి.

నాన్న తిట్టలేదు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. అది తిట్టు కన్నా కష్టంగా ఉంది.

"తిప్పుదామా వద్దా అన్నది మనం తేల్చేది కాదమ్మలూ. తెగొచ్చని ఆ పిల్లకి చెప్పు. ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం" అన్నాడు.

గురువారం పొద్దున స్కూలు గేటు దగ్గరే గిరజాలును ఆపింది.

"నిన్న అబద్ధం చెప్పాను. అసలుది పోయింది. నేనే పోగొట్టాను. మీ కేసెట్ ఇంకోసారి తిప్పాలి. తెగినా తెగొచ్చు."

గిరజాలు బ్యాగు పట్టీ మెలితిప్పుతూ నిలబడింది. బెల్లు కొట్టింది.

"నేనూ పక్కనుంటాను" అంది.

స్కూలయ్యాక ముగ్గురూ మిషన్ ముందు కూర్చున్నారు. నాన్న కేసెట్ మరలు విప్పి, టేపును నెమ్మదిగా కొత్త డబ్బాలోకి మార్చి, ప్లే నొక్కాడు. టక్, టక్. కాసేపటికి పాట అందుకుంది. గిరజాలు కళ్లు మూసుకుంది. మూడు నిమిషాలు బాగానే నడిచింది. ఆ తర్వాత టేపు పుటుక్కున తెగి, చక్రానికి చుట్టుకుపోయింది. నాన్న ఎంత ఓపిగ్గా అతికించినా చివరి చరణం దక్కలేదు.

"సారీ" అంది ఇంజనీరమ్మ.

"మూడు నిమిషాలుంది" అంది గిరజాలు. పర్లేదు అని మాత్రం అనలేదు.

శుక్రవారం లంచ్ బెల్లులో ఇంజనీరమ్మ సగం తిని బాక్సు మూసేసింది. నోట్‌బుక్ పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగింది.

"నీ పాటలో నీకు ఏది వినపడాలి?"

"మధ్యలో ఒక దగ్గు ఉంటుంది. మా తాతది. దాన్ని ఉంచు" అన్నాడు బాకాలవాడు.

"కుక్క మొరుగుతుంది చూడు, అది పక్కింటిది. తీసెయ్. అసలే మాకు వాళ్లతో పడదు" అంది జోలపాట పిల్ల.

ఇంజనీరమ్మ అన్నీ రాసుకుంది. పెన్‌డ్రైవ్‌లన్నీ మళ్లీ పెట్టి, దగ్గును వెనక్కి తెచ్చింది. కుక్కను మాత్రం రానివ్వలేదు.

సాయంత్రం హాలు నిండిపోయింది. ఆరు పాటలయ్యాయి. ఏడోది మొదలైంది. టక్, టక్. ముందు వరసలో కూర్చున్న ఎవరి నాన్నో స్పీకర్ వైపు వంగి చూశాడు.

"ఏదో లూజైనట్టుంది పాపా. ఆ చప్పుడు కాస్త తీసెయ్" అన్నాడు.

ఇంజనీరమ్మ సౌండ్ ఇంకొంచెం పెంచింది.

"లూజవలేదండీ. గిరజాలు వాళ్ల నాయనమ్మ నేస్తున్నారు" అంది.