గొడుగు కిందికి రానివాడు

"టీ వద్దండి," అన్నాడతను, ఇంకా కూర్చోకముందే.

బుట్టల సంఘం కార్యదర్శికి ఒళ్ళు మండింది. సంఘంలో ఆమెకి 'పోలీసు' అని పేరు. బుట్టలల్లే గడ్డి అమ్మేవాడి తక్కెడనే కాదు, ఆకాశాన్ని కూడా నమ్మదు. మండుటెండలోనూ ఆమె చేతిలో గొడుగుంటుంది.

ఈసారి భయపడటానికి కారణమూ ఉంది. ఇన్నాళ్ళూ ఆ ఆడవాళ్ళు అల్లిన బుట్టలన్నీ ఒక్క దళారే కొనేవాడు, నోటికొచ్చిన ధరకి. ఇతను అల్లేవాళ్ళకి న్యాయమైన ధర దక్కేలా చూసే ఫెయిర్ ట్రేడ్ సంస్థ నుంచి తనిఖీకి వచ్చాడు. సరేనంటే వాళ్ళ బుట్టలకి ముద్ర పడుతుంది, విదేశీ దుకాణాలు గిట్టుబాటు ధరకి నేరుగా కొంటాయి. కాదంటే మళ్ళీ దళారి గుమ్మమే గతి.

"పోనీ మంచినీళ్ళు?"

అతను సంచీలోంచి సొంత సీసా తీసి చూపించాడు.

"విషం కలపంలెండి!"

నవ్వాడు. బుగ్గ మీద సొట్ట పడింది. ఆమె దాన్ని కూడా అనుమానంగానే చూసింది.

రోజంతా అతను తిరగని మూల లేదు. అద్దకం నీళ్ళు ఎటు పోతున్నాయో చూడటానికి కాలవ వెంట నడిచాడు. అల్లేవాళ్ళని ఒక్కొక్కరినే పక్క గదిలోకి పిలిచాడు. పోలీసు ఊరుకుంటుందా? కిటికీకి చెవి ఆనించింది.

"కార్యదర్శిగారు మీ మీద అరుస్తారా?" అని అడుగుతున్నాడు. అడిగేది సాక్షాత్తూ ఆమె పిన్నినే!

"అరవకపోతే దానికి అన్నం అరగదు బాబూ. కానీ ఎవరి కూలీ దగ్గరా తేడా రానివ్వదు. ఇంకా పెళ్ళి కాలేదు."

"అది నేనడగలేదండీ."

"నువ్వడగలేదులే, నేనే చెప్తున్నా."

కిటికీ బయట పోలీసు మొహం కందిపోయింది.

సాయంత్రం ఇంటికి పోతూ ఆమె ఠక్కున ఆగిపోయింది. దళారి గోడౌన్ ఎదురుగా ఉన్న టీ కొట్లో అతగాడు! గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ హాయిగా తాగుతున్నాడు.

"మా టీ వద్దన్నారు, దళారి వీధిలో టీ మాత్రం దిగుతోందే!"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఇక్కడ డబ్బులిచ్చి తాగుతున్నానండీ. తనిఖీకి వెళ్ళిన చోట ఏదీ ముట్టుకోకూడదు. మా రూలు."

"ఎంత బాగా కంఠస్థం చేశారో!"

అంతలో ఫెళఫెళమని ఉరిమి వాన దిగింది. బస్ స్టాప్ వీధి చివర్లో ఉంది. ఆమె తనని తాను తిట్టుకుంటూనే గొడుగు విప్పి పక్కకి జరిగింది.

"రండి, స్టాప్ దాకా."

అతను ఒక్క అడుగు లోపలికి వేశాడు. ఆమె మొహం చూశాడు. గబుక్కున వెనక్కి వెళ్ళిపోయాడు.

"ఇదీ కుదరదండీ."

"గొడుగు కూడా లంచమేనా?" అని అరిచింది. అతను నిలువునా తడుస్తూ వెళ్ళిపోయాడు.

మర్నాడు రావాల్సినవాడు రాలేదు. అతను ఈ తనిఖీ వదిలేశాడని, వేరే మనిషి వస్తారని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. పోలీసు పిన్ని దగ్గరికి పరుగెత్తింది.

"దళారి కొనేశాడు పిన్నీ! నేను చెప్పలా?"

నిజానికి ఆమెని ఎక్కువ బాధపెట్టింది బుట్టల సంగతి కాదు. ఆ సొట్టని నమ్మాలని ఆమెకి ఎంతో అనిపించింది.

కొత్తగా వచ్చింది ఒక కళ్ళద్దాల పెద్దావిడ. "టీ వద్దమ్మా," అంటూ సంచీలోంచి సీసా తీసింది. పోలీసు ఆ సీసాని అలా చూస్తూ ఉండిపోయింది. ఆవిడ పనంతా ముగించి బయల్దేరేదాకా ఆగి, అప్పుడడిగింది.

"ముందొచ్చినాయన ఎందుకు మానేశారండీ?"

"ఎవరిదో గొడుగు కిందికి వెళ్ళాలనిపించిందట. అలా అనిపించినవాడు ఇక్కడ తనిఖీ చెయ్యకూడదని తనే తప్పుకున్నాడు. ఎవరి గొడుగో మాత్రం చెప్పలేదు," అంటూ ఆవిడ, ఎండలో పోలీసు చేతిలో ఉన్న గొడుగు వైపు చూసింది.

ముద్ర వచ్చింది. మొదటి సరుకు వ్యానులోకి ఎక్కిస్తుండగా వానా వచ్చింది, దాంతోపాటే అతనూ తడిసి ముద్దయి వచ్చాడు.

"మీకిక్కడేం పని?" అంది పోలీసు.

"ఏం లేదండీ. ఇక మీదట ఈ సంఘం పనేదీ నాకు ఇవ్వొద్దని ఆఫీసులో చెప్పేశాను. టీ ఉందా?"

లోపలికెళ్ళి గ్లాసుతో వచ్చింది. అతను ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు.

"ఎలా ఉంది?"

"పంచదార లేదండీ."

"నాకు తెలుసు. బాగుందంటారేమోనని చూశా."

వెనకనుంచి పిన్ని నెత్తి కొట్టుకుంది.

"ఆ రోజు అడుగేసి మరీ వెనక్కెళ్ళారేం?"

"ఇంకో అడుగేస్తే మీ బుట్టలు ఎలా ఉన్నా పాస్ చేసేసేవాణ్ణి. అంతగా నచ్చారు నాకు."

పోలీసు ఆ చప్పటి టీ గ్లాసు అతని చేతిలోంచి తీసేసుకుంది. పిన్ని చెంగుతో కళ్ళొత్తుకుని, పంచదార డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఉంచుకో బాబూ, దీనితో వేగాలంటే నీకు అవసరం పడుతుంది."

పోలీసు గొడుగు విప్పింది. "పదండి, స్టాప్ దాకా."

"ఇప్పుడు బస్సు లేదండీ."

"నాకు తెలుసు," అంది ఆమె, పక్కకి జరుగుతూ.